చారులో కలిపిన మందు

"ఒక్క ముద్ద, మావయ్యా. వేడిగా ఉంది."

దానయ్య కంచం వైపు చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న అరటిపండు తొక్క తీస్తూ, "నువ్వు తినమ్మా. నాకిది సాలు," అన్నాడు.

మూడు రోజులుగా ఇదే వరస. తొక్క ఉన్నవే తింటున్నాడు. అరటిపండు, ఉడికించిన గుడ్డు, వేయించిన పల్లీలు. గుడ్డు పెంకు తానే ఒలుస్తాడు. నీళ్లు వీధి కుళాయి దగ్గర తానే పట్టుకొచ్చి, సీసా మూత బిగించి, తలగడ పక్కన పెట్టుకుంటాడు. రాయపూర్ మోవాలో వాళ్ల సందు మొదట్లో పళ్లబండి ఆయన ఈ సంగతి ఎలా కనిపెట్టాడో గానీ, మచ్చల్లేని పళ్లు ఏరి పక్కన ఉంచుతున్నాడు. అడక్కుండా చేస్తున్న ఆ చిన్న పనికి కోడలు ఊర్మిళ మనసులోనే దండం పెట్టుకుంది.

రాజేష్ గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు. శనివారం, ఆఫీసు లేదు. ఉంటే ఈపాటికి నయా రాయపూర్ బస్సులో ఉండేవాడు.

"ఎన్నాళ్లు నాన్నా ఈ తమాషా? కోడలు కూడు పెట్టక ముసలాయన పళ్లు తిని బతుకుతున్నాడని మొహల్లా అంతా నవ్వుతోంది."

"నవ్వనీ. కడుపు నొప్పెట్టేది ఆళ్లకే గదా."

"ఈ అన్నంలో తప్పేముంది? అది చెప్పు."

దానయ్య పండు పక్కన పెట్టాడు. కంచం రెండు చేతులా ఎత్తి కొడుకు వైపు చాపాడు.

"తప్పు లేదు గదా. నువ్వు తిను."

రాజేష్ కంచం అందుకోలేదు.

"నేను... ఇప్పుడే టిఫిన్ చేశాను."

"ఒక్క ముద్దరా. మీ ఆవిడ చేతి సారు."

కంచం అంచు దాకా చారు వచ్చి, ఒలకబోయి ఆగింది. ఊర్మిళ వెళ్లి ఆ కంచం అందుకుని, తల వంచుకుని వంటింట్లోకి నడిచింది.

ఆ చారులో మందు కలిసి ఉంది. రంగూ రుచీ లేని మందు. డ్రాపర్లో గీత దాకా తీసి, పోపు పెట్టాక కలుపుతుంది. ఐదు వారాలుగా ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, ఆమెకూ రాజేష్‌కూ. దానయ్య ఆసుపత్రికి రానని మొండికేస్తే, రాజేష్ ఒక ప్రైవేటు క్లినిక్కుకు ఒక్కడే వెళ్లి, తండ్రి లక్షణాలు నోటితో చెప్పి, చీటీ రాయించుకొచ్చాడు. మనిషిని చూడకుండా రాసిన మందు అది.

పదకొండింటికి గేటు చప్పుడైంది. ఫణిశ్రీ వచ్చింది.

*

ఫణిశ్రీది భిలాయి. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో చేస్తాడు. ఆమె మాత్రం ఆసుపత్రి మానసిక విభాగంలో పరిశోధన చేస్తోంది. ఆధారం లేని అనుమానాలతో బతుకుతున్న మనుషుల మీద, వాళ్ల ఇళ్ల మీద. రాయపూర్, భిలాయి, దుర్గ్ కలిపి అరవై ఇళ్లు. వాటిలో తెలుగు ఇళ్లన్నీ ఆమెకే అప్పగించారు. ఊర్మిళే ఎవరి ద్వారానో ఆచూకీ తీసి పిలిపించింది. మొదటిసారి వచ్చినప్పుడు దానయ్య ఆమెతో గంటసేపు మాట్లాడాడు. "ఈ పిల్ల సెప్పదు, అడుగుతాది," అని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు కూడా ఆమెను చూడగానే లేచి, తన కుర్చీ గోడవైపు జరుపుకున్నాడు. కూలర్ గాలి నేరుగా తగిలే చోటు ఆమెకు వదిలాడు.

"ఎండలో వొచ్చినావు. అక్కడ కూకో."

"మీకు ఉక్కపోయదా, తాతగారూ?"

"ముప్పై ఒక్క ఏళ్లు గేటు కాడ రేకుల గదిలో ఉన్నోణ్ని. నాకు ఉక్కేటి."

మహాసముంద్ లైన్లో రైల్వే గేటుమన్‌గా చేసి రిటైరైన మనిషి. ఊరు పలాస దగ్గర. రెండేళ్ల కిందట భార్య అప్పలనరసమ్మ పోయాక, ఆయనకు మొదట నిద్ర పోయింది. తర్వాత మనుషుల మీద నమ్మకం పోయింది.

ఫణిశ్రీ ఫారం తీసింది. పన్నెండు పేజీలు. హిందీలో అచ్చయింది. ఒక్కో ప్రశ్నా చూసుకుని తెలుగులో అడుగుతోంది. నిద్ర గురించి, ఆకలి గురించి, భయాల గురించి.

"ఎవరైనా మిమ్మల్ని కనిపెట్టి చూస్తున్నారని అనిపిస్తుందా?"

"అనిపించడమేటి? ఎదురింటి ఈశ్వర్ కెమెరా పెట్టినాడు గదా. నాను గుమ్మం దాటితే ఆడికి తెలిసిపోతాది. నా రాకపోకలన్నీ రాసి పైకి అందిస్తన్నాడు. ఈ ఇల్లు లాక్కోడానికి."

"పైకి అంటే?"

"అది తెలిస్తే నానే ఎల్లి అడగనా?"

ఆమె రాసుకుంది. పేజీ తిప్పింది.

"మీరు తినే తిండిలో ఎవరైనా ఏదైనా కలుపుతున్నారని అనుకుంటున్నారా?"

వంటింట్లో గిన్నె తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

"కలుపుతన్నారు. సారులో."

"ఎంత గట్టిగా అనుకుంటున్నారు? సున్నా అంటే అసలు లేదు. నాలుగంటే ఎవరు కాదన్నా మారదు."

"నాలుగు. ఐదుంటే ఐదు రాయి."

ఫణిశ్రీ కలం నాలుగు మీద పెట్టింది. నింపే ముందు, అలవాటు ప్రకారం, తర్వాతి ప్రశ్న అడిగింది. "ఎలా తెలిసింది?"

ఈ ప్రశ్నకు ఆమె విన్న జవాబులు చాలా ఉన్నాయి. రేడియోలో చెప్పారన్నవాళ్లున్నారు. కాకి అరిచిన తీరును బట్టి తెలిసిందన్నవాళ్లున్నారు. దానయ్య కుర్చీలో ముందుకు వంగాడు.

"ఐదు వారాల కిందట నోరు ఎండడం మొదలైంది. కాళ్లు ఒక్క కాడ నిలబడవు. కూకుంటే లెగాలని, లెగిస్తే కూకోవాలని. ఈ బొటనేలు దానంతటదే ఆడేది. ముసలితనం గావాల అనుకున్నాను."

"తర్వాత?"

"మా తోటి గేటుమన్ పాపయ్య కూతురి పెళ్లయింది. ఎనిమిది దినాలు ఆళ్ల రైల్వే క్వార్టర్లోనే ఉన్నాను. నాలుగో దినానికి కాళ్లు కుదుటబడ్డాయి. ఏలు ఆగింది. ఇంటికొచ్చినాను. మూడో దినానికి మళ్లీ మొదలు. ముసలితనం పెళ్లికి సెలవెడతాదేటమ్మా?"

ఫణిశ్రీ నవ్వబోయి ఆగింది.

"గేటు లైటు ఎలగకపోతే నాలుగు తీగలూ ఒకేసారి పీకకూడదు. ఒక్కోటి పీకి సూడాల. అలాగే సూసినాను. ఒక వారం పప్పు మానినాను, ఏమీ మారలేదు. పెరుగు మానినాను, అదీ అంతే. సారు మానినాను. నాలుగు దినాలకి ఏలు సగం తగ్గింది."

"మరి చారు ఒక్కటే మానొచ్చు కదా? అన్నీ ఎందుకు మానేశారు?"

"నాను సారు మానినానని ఆళ్లకి తెలిసిపోనాది గదా. రేపు పప్పులో ఎయ్యరా?"

ఆమె కలం ఇంకా నాలుగు మీదే ఉంది. సిరా చిన్న చుక్కగా దిగింది. ఎండే నోరు, నిలవని కాళ్లు, ఆడే వేలు. ఈ మూడూ ఏ మందు తాలూకు గుర్తులో ఆమెకు తెలుసు. పాఠాల్లో చదివింది, వార్డులో చూసింది. ఆధారం లేని నమ్మకం అని రాయాల్సిన గడి ముందు ఆమె కూర్చుంది. ఎదురుగా ఉన్న మనిషి, తన గైడు మెచ్చుకునేంత పద్ధతిగా ఆధారం చూపించాడు.

"ఎవరు కలుపుతున్నారనుకుంటున్నారు?"

దానయ్య వంటింటి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"పేరు రాయకు. మా కోడలు బంగారం. మా ఆవిడ ఆఖరి నెలలో మంచం మీదుంటే అన్నీ ఆ పిల్లే సేసింది. ఎవులో బెదిరించి సేయిస్తన్నారు. దాన్నేటీ అనొద్దు. భయపడిపోతాది."

వంటింట్లో గిన్నె నేల మీద పడింది.

*

ఫణిశ్రీ మంచినీళ్ల వంకతో లోపలికి వచ్చేసరికి ఊర్మిళ సింకు పట్టుకుని నిలబడి ఉంది. కుళాయి పారుతోంది. ఫణిశ్రీ దాన్ని కట్టేసింది.

"అక్కా, ఒకటి అడుగుతాను. జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు."

ఊర్మిళ గోధుమపిండి డబ్బా జరిపి, దాని వెనక ఉన్న చిన్న గోధుమరంగు సీసా తీసి గట్టు మీద పెట్టింది.

ఫణిశ్రీ కోప్పడుతుందని ఊర్మిళ అనుకుంది. ఆమె సీసా మీది పేరు చదివి, తన చేతిలోని గ్లాసులో నీళ్లు ఊర్మిళకే ఇచ్చింది.

"మీది పదకొండో ఇల్లు."

"ఏంటి?"

"మా అరవై ఇళ్లలో, ఇలా చెప్పకుండా మందు కలిపినవాటిలో. ఒకరింట్లో దేవుడి పటం వెనక, ఒకరింట్లో బియ్యంలో. అందరూ మంచికోసమే చేశారు. ఎవరూ చెప్పలేదు. సీసా నా కళ్లబడ్డాకే ఒప్పుకున్నారు. మీరే ముందుగా తీసి పెట్టారు."

రాజేష్ వచ్చాడు. సీసా చూసి అతని ముఖం మారిపోయింది.

"అరె, ఇదేంటి ఊర్మీ! ఎవరికీ చెప్పొద్దని పక్కాగా అనుకున్నాం కదా."

"అనుకున్నాం."

"మేడమ్, మీరు రాయాల్సింది రాసేయండి. నాలుగుకి నాలుగు. గురువారం మీ ఆసుపత్రిలో డాక్టరుగారు చూస్తే అడ్మిట్ చేసుకుంటారు. పదిహేను రోజుల్లో మనిషి బాగుపడతాడు. బస్, అంతే."

"ఆయన చెప్పింది నిజమండీ. దాన్ని జబ్బని ఎలా రాయను?"

"మరి ఆ కెమెరా గొడవ? పోయిన నెల నాన్న ఈశ్వర్ గేటు మీద రాళ్లు విసిరాడు. అదీ నిజమేనా?"

"అది జబ్బే అనుకుంటున్నాను. మందు అవసరమే అనుకుంటున్నాను. కానీ ఆయనకి ఇప్పటికే మందు వెళ్తోందని తెలియక డాక్టరుగారు ఇంకొకటి మొదలుపెడితే ఏమవుతుంది? డాక్టరుగారికి మాత్రం చెప్పి తీరాలి. ఈ రోజే."

"డాక్టరుకి చెప్పండి. నాన్నకి వద్దు. చెబితే ఇంక ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు."

"ఇప్పుడు ముడుతున్నారా?" అంది ఊర్మిళ.

రాజేష్ ఆమె వైపు తిరిగాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ గొంతు అతను వినలేదు. పెద్దది కాదు. తడబాటు మాత్రం లేదు.

"ఆయన నన్ను దొంగ అన్నా బాగుండేదండీ. తిట్టినా పడేదాన్ని. నన్నెవరో బెదిరిస్తున్నారట. నేను భయపడతానని పేరు కూడా రాయనివ్వలేదు. ఇందాక కంచం చాపితే మీరు ముట్టలేదు. అది చూశారు. అన్నీ చూస్తున్నారు. మనమే ఏమీ కనబడట్లేదనుకుంటున్నాం."

"నేను మాత్రం ఎవరికోసం చేశాను? నాన్న తప్పిపోయి రోడ్డుమీద పడి పోతుంటే..."

"తెలుసు. మీరు చెడ్డవారని అనలేదు."

అతను గట్టుకు ఆనుకున్నాడు. కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు.

"మీ ఇంటి మాట నేను తాతగారికి చెప్పను," అంది ఫణిశ్రీ. "నా హక్కు కాదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తాను."

"ఖాళీ ఎందుకు?" అంది ఊర్మిళ. సీసా అందుకుని ముందు గదిలోకి నడిచింది.

*

ఆమె దానయ్య ఎదురుగా నేల మీద కూర్చుని, సీసా ఆయన కుర్చీ చేతి మీద పెట్టింది.

"మావయ్యా, చారులో కలిపింది ఇదే. కలిపింది నేనే. ఎవరూ బెదిరించలేదు. మీకు నిద్ర పట్టాలని, ఆ భయాలు తగ్గాలని. ఇది మందే, విషం కాదు. కానీ చెప్పకుండా కలిపాను."

కూలర్‌లో నీళ్లు జారుతున్న చప్పుడు వినిపించింది. దానయ్య సీసా తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాక ఫణిశ్రీకి అందించాడు. ఆమె చదివి, తనకు తెలిసింది కూడా కలిపి చెప్పింది. మందు పేరు, దేనికి వాడతారో, దాని వల్ల నోరెండడం, కాళ్లు నిలవకపోవడం, వేలు ఆడడం, అన్నీ.

"అన్ని దినాలూ నువ్వేనా?"

"నేనే."

"నేను తెచ్చాను నాన్నా," అన్నాడు రాజేష్ గుమ్మంలోంచి.

"ఈశ్వర్ ఇచ్చినాడా?"

"లేదు. అతనికి తెలీదు."

దానయ్య చెయ్యి ఒకసారి పైకి లేచింది. కొడతాడేమో అనుకుని రాజేష్ అడుగు ముందుకేశాడు. ఆ చెయ్యి ఊర్మిళ తల దాకా వచ్చి, తాకకుండా, మళ్లీ కుర్చీ మీదికి వెళ్లిపోయింది.

"అయితే నాను సూసింది సరిగ్గానే సూసినాను."

"సరిగ్గానే చూశారు, తాతగారూ," అంది ఫణిశ్రీ.

"రాయి మరి."

ఆమె రాసింది. రాసింది చదివి వినిపించింది. "ఆహారంలో మందు కలిపారన్న మాట వాస్తవం. రోగి స్వయంగా పరీక్షించి తెలుసుకున్నారు." దానయ్య తల పంకించాడు. ఇన్ని రోజులకు ఆయన వీపు కుర్చీకి ఆనింది.

ఆ వెంటనే మళ్లీ ముందుకు వంగాడు.

"ఇది నిజమైంది గదా. మరి కెమెరా కూడా నిజమే గదా?"

రాజేష్ కళ్లు మూసుకున్నాడు. ఇదే జరుగుతుందని అతని భయం.

ఫణిశ్రీ తొట్రుపడలేదు. "ఆ కెమెరా ఉంది. కానీ ఇల్లు లాక్కోడానికి మీ రాకపోకలు రాస్తున్నారంటే నేను నమ్మట్లేదు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను."

"నువ్వూ ఆళ్ల మాటే."

"కాదు. మీరు చారు తీగ పీకి చూశారు. కెమెరా తీగ ఇంకా పీకలేదు. సాయంత్రం ఐదింటికి మీరూ నేనూ ఈశ్వర్‌గారింటికి వెళ్దాం. అందులో ఏం కనబడుతుందో చూపించమని అడుగుదాం. వీధి మాత్రమే కనబడితే నేను అన్నది నిజం. కాకపోతే మీరన్నది రాసుకుంటాను."

దానయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ రెండేళ్లలో ఆయనతో అలా పందెం కట్టినవాళ్లు లేరు. ఊరుకోమన్నారు, లేదా సరే సరే అన్నారు.

"మాట మార్చవు గదా?"

"మార్చను."

"ఊర్మిళమ్మా, ఆకలేస్తంది."

ఆమె చప్పున లేచింది. ఆయన కూడా లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ వేసుకుని కూర్చున్నాడు.

"పాతది పారబొయ్యి. నా ఎదర కాయి. ఏసిందల్లా పైకి సెప్పు."

ఊర్మిళ గిన్నె కడిగింది. కడిగిన గిన్నె ఆయనకు చూపించింది.

"చింతపండు, మావయ్యా."

"సింతపండు. ఊ."

"ఉప్పు. పసుపు."

"ఉప్పు, పసుపు. ఊ."

స్టేషన్ మాస్టరు ఫోన్లో చెప్పిన మాటను గేటుమన్ తిరిగి చెప్పే పద్ధతి అది. రెండు వైపులా ఒకే మాట వినబడితేనే రైలుకు దారి. మిరియాలు, జీలకర్ర, కరివేపాకు, అన్నీ అలాగే అటూ ఇటూ తిరిగాయి. పోపు దగ్గరికి వచ్చేసరికి ఊర్మిళ గొంతు తేలికపడింది. "ఇంగువ!" అని గట్టిగా అంది. "అరవకు, నాకు సెవుడు లేదు," అన్నాడాయన. ఫణిశ్రీ నవ్వేసింది.

ఆయన అక్కడే, గుమ్మంలోనే తిన్నాడు. మొదటి ముద్ద నమలడానికి చాలాసేపు పట్టింది. రెండోది మామూలుగా తిన్నాడు. తర్వాత మాట్లాడకుండా కంచం ముందుకు తోశాడు, ఇంకొంచెం పొయ్యమని. ఊర్మిళ అటు తిరిగి గరిటె కోసం వెతికింది. గరిటె ఆమె చేతిలోనే ఉంది.

చెయ్యి కడుక్కున్నాక ఆయన సీసా చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటాది. ఎయ్యాలా వద్దా అన్నది ఆ ఎదురింటికి ఎల్లొచ్చినాక సెప్తాను. ఈ పిల్ల సెప్పినట్టు ఈధి మాత్రమే కనబడితే నా సేత్తో నానే ఏసుకుంటాను. గురువారం ఆసుపత్రికి నడిచి వొస్తాను."

"నిజంగా?" అంది ఫణిశ్రీ.

"గేటుమన్ మాట."

ఆయన నడుం వాల్చడానికి గదిలోకి వెళ్లాడు. ఊర్మిళ ముఖంలో ఐదు వారాల తర్వాత రక్తం కదిలింది. "విన్నారా?" అంటూ భర్త వైపు తిరిగింది.

రాజేష్ ముఖంలో రక్తం లేదు.

"ఊర్మీ, సాయంత్రం వెళ్లకూడదు."

"ఎందుకు?"

అతను గది తలుపు వైపు చూసి, ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. తెరమీద వాళ్ల గుమ్మం కనిపించింది. ఎండలో ఆరేసిన దానయ్య తువ్వాలు, చెప్పులు, తెరిచి ఉన్న గేటు. ఇప్పటి బొమ్మే, కదులుతోంది.

"నాన్న రెండోసారి తప్పిపోయాక నేనే ఈశ్వర్‌ని బతిమాలాను. కెమెరా ఇటు తిప్పమని. ఆఫీసులో కూర్చుని చూసుకుంటున్నాను, ఎప్పుడు బయటికి వెళ్లాడో, ఎప్పుడొచ్చాడో."

ఫణిశ్రీ చేతిలోని ఫారం నెమ్మదిగా బల్లమీద పెట్టింది.

"ఎన్నాళ్లుగా?" అంది ఊర్మిళ.

"మూడు నెలలు."

ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసింది. కోపం తెచ్చుకోలేదు. గోడ గడియారం వైపు చూసింది. ఒంటిగంట దాటింది.

"ఐదింటి దాకా టైముంది. నా మాట నేను చెప్పాను. అయినా ఆయన అన్నం తిన్నారు. మీ మాట మీరు చెప్పండి."

"ఈశ్వర్ వీధి బొమ్మ చూపించొచ్చు. ఇప్పుడే ఫోన్ చేస్తే కెమెరా అటు తిప్పేస్తాడు. ఐదు నిమిషాల పని. నాన్న మందు వేసుకుంటాడు, ఊర్మీ. తనంతట తను."

లోపల మంచం కిర్రుమంది.

"రాజేష్," అని పిలిచాడు దానయ్య. "ఆ ఈశ్వర్ ఇంటికి ఎల్లేటప్పుడు నువ్వూ రారా. నా పక్కన నువ్వుండాల."

రాజేష్ చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంది. ఈశ్వర్ నంబరు తెర మీదికి వచ్చింది. బొటనవేలు దాని మీద నిలబడి ఉంది.